ఎనిమిది వేల కొలువు కాదని కాశీకి: ప్రేమ్‌చంద్ వదులుకున్న ఉద్యోగాలు

1935 ఏప్రిల్ 4న హిందీ, ఉర్దూ భాషల మేటి రచయిత ప్రేమ్‌చంద్ బొంబాయి వదిలి కాశీ దారి పట్టారు. బొంబాయిలోని అజంతా సినీటోన్ అనే చిత్ర నిర్మాణ సంస్థలో ఆయన కథా రచయిత. ఏడాదికి 8,000 రూపాయల ఒప్పందం. ఆ రోజుల్లో ఒక రచయితకు అది సామాన్యమైన మొత్తం కాదు. ఒప్పందం గడువు ఇంకా తీరలేదు. కాశీలో ఆయన కోసం ఎదురుచూస్తున్నవి అప్పుల్లో ఉన్న ముద్రణాలయం, నష్టాలతో నడుస్తున్న మాసపత్రిక, సగంలో నిలిచిన ఒక నవల. అప్పటికి ఆయన వయస్సు 54 ఏళ్లు. ఆరోగ్యం అంతంత మాత్రం. ఆయన జీవితంలో ఇక మిగిలింది ఏడాదిన్నర మాత్రమే.

ఆ ఏడాదిన్నరలోనే గోదాన్ నవల పూర్తయింది. కఫన్ కథ వెలువడింది. భారతీయ సాహిత్యంలో ఈ రెండు రచనలకు ఉన్న స్థానం తెలిసినవారికి, ఆ రోజు ఆయన రైలెక్కడం సరైన నిర్ణయమేనని నేడు తేలికగా అనిపిస్తుంది. కానీ ఆ నిర్ణయం తీసుకున్న నాడు ఫలితం ఎవరికీ తెలియదు. ఇంట్లో భార్య, చదువుకుంటున్న కుమారులు ఉన్నారు. కాశీలో బాకీదారులు ఉన్నారు. నెల తిరిగేసరికి చేతికందే జీతాన్ని కాదని, కలాన్నే నమ్ముకుని బతకడానికి ఆయన సిద్ధపడ్డారు. అది మొదటిసారి కూడా కాదు. 14 ఏళ్ల కిందట ప్రభుత్వ కొలువును కూడా అలాగే వదిలారు. ఆ రెండు రాజీనామాల మధ్య సాగిన జీవితాన్ని గమనిస్తే, స్వేచ్ఛ కోసం ఒక రచయిత, ఆయన కుటుంబం ఎంత మూల్యం చెల్లించారో అర్థమవుతుంది.

అయిదు రూపాయల ట్యూషన్

ప్రేమ్‌చంద్ అసలు పేరు ధన్‌పత్ రాయ్. 1880 జూలై 31న కాశీకి కొద్ది మైళ్ల దూరంలోని లమహీ గ్రామంలో జన్మించారు. తండ్రి అజాయబ్ లాల్ తపాలా శాఖలో గుమాస్తా. తల్లి ఆనందీ దేవి. బాలుడికి ఎనిమిదేళ్లు వచ్చేసరికి తల్లి దీర్ఘవ్యాధితో కన్నుమూశారు. తండ్రి మళ్లీ పెళ్లి చేసుకున్నారు. తండ్రి ఉద్యోగరీత్యా కుటుంబం గోరఖ్‌పూర్‌లో ఉన్న కాలంలో ఆ బాలుడు ఒక పుస్తకాల దుకాణానికి అలవాటుపడ్డాడు. ఆ దుకాణంలోని పాఠ్యపుస్తకాల గైడ్లను బడిలో అమ్మిపెట్టి, ప్రతిఫలంగా ఉర్దూ నవలలు ఇంటికి తీసుకెళ్లి చదివేవాడు. పుస్తకంతో ఆయనకు కుదిరిన తొలి లావాదేవీ అది.

15 ఏళ్లకే వివాహం జరిగింది. ఆ కాపురం సజావుగా సాగలేదు. 1897లో తండ్రి మరణించడంతో సవతి తల్లి, ఆమె సంతానం, భార్య, అందరి భారమూ ఆయన మీదనే పడింది. కాశీలో చదువు కొనసాగించాలని ప్రయత్నించారు. గణితం ఆయనకు కొరకరాని కొయ్య అయింది. కళాశాల ప్రవేశం చేజారింది. ఒక న్యాయవాది కుమారుడికి చదువు చెబితే నెలకు అయిదు రూపాయలు వచ్చేవి. అందులో రెండు రూపాయలతో తాను గడుపుకొని, మూడు రూపాయలు ఇంటికి పంపాలన్నది ఆయన లెక్క. నివాసం ఆ న్యాయవాది గుర్రపుశాల మీద ఉన్న ఒక చిన్న మట్టిగది.

1899లో చేతిలో చిల్లిగవ్వ లేని ఒక చలికాలపు సాయంత్రం, రెండు రూపాయలు పెట్టి కొన్న గణితం గైడును అమ్ముకోవడానికి పుస్తకాల దుకాణానికి వెళ్లారు. రూపాయికి బేరం కుదిరింది. దుకాణంలో ఉన్న ఒక పెద్దమనిషి ఆ యువకుడి వివరాలు అడిగారు. ఆయన చునార్‌లోని ఒక మిషనరీ పాఠశాల ప్రధానోపాధ్యాయుడు. సహాయ ఉపాధ్యాయుడి కోసం వెతుకుతున్నారు. నెలకు 18 రూపాయల జీతంతో అక్కడికక్కడే ఉద్యోగం ఖాయమైంది. ఆకలి అంచున నిలిచిన మనిషికి నెల జీతం ఎలాంటి ఊరటో ఆయనకు అనుభవపూర్వకంగా తెలుసు. అందువల్ల ఆ తర్వాత ఆయన వదులుకున్న ఉద్యోగాలను లోకం తెలియని కళాకారుడి అలకగా చూడటం తగదు.

కొలువు ఇచ్చినది, అడిగినది

1900లో బహ్రాయిచ్ జిల్లా పాఠశాలలో 20 రూపాయల జీతంపై ప్రభుత్వ ఉపాధ్యాయుడిగా చేరారు. ఆ తర్వాత ప్రతాప్‌గఢ్, అలహాబాద్, కాన్పూర్. అలహాబాద్‌లో ఉపాధ్యాయ శిక్షణ పొందారు. కాన్పూర్‌లో జమానా అనే ఉర్దూ పత్రిక సంపాదకుడు దయా నారాయణ్ నిగమ్‌తో స్నేహం కుదిరింది. పగలు బడి, మిగిలిన వేళల్లో రచన. ఇంట్లో పెద్దవాళ్లు పిలిచే ముద్దుపేరుతో నవాబ్ రాయ్ అనే కలం పేరు పెట్టుకున్నారు. 1906లో బాలవితంతువైన శివరాణీ దేవిని వివాహం చేసుకున్నారు. వితంతు వివాహాన్ని సమాజం తప్పుపట్టే కాలమది.

1908లో సోజ్-ఎ-వతన్ అనే అయిదు కథల ఉర్దూ సంపుటి వెలువడింది. అవి దేశభక్తిని ప్రబోధించే కథలు. ఆ మరుసటి ఏడాది ఆయన హమీర్‌పూర్ జిల్లాలో పాఠశాలల సబ్ డిప్యూటీ ఇన్‌స్పెక్టరుగా నియమితులయ్యారు. పల్లెల వెంట పర్యటనలో ఉండగా జిల్లా కలెక్టరు నుంచి పిలుపు వచ్చింది. ఎడ్లబండి కట్టించుకుని రాత్రికి రాత్రి 30, 40 మైళ్లు ప్రయాణించి వెళ్లారు. కలెక్టరు బల్ల మీద ఆ కథల పుస్తకం ఉంది. నవాబ్ రాయ్ ఎవరో ప్రభుత్వానికి తెలిసిపోయింది. ఒక్కొక్క కథకూ అర్థం చెప్పించుకున్న కలెక్టరు, ఆ రాతలు రాజద్రోహమని తేల్చారు. మిగిలిన ప్రతులన్నీ అప్పగించాలని, ఇకపై ఏది రాసినా ముందుగా తమకు చూపి అనుమతి పొందాలని ఆదేశించారు. ప్రతులు అగ్నికి ఆహుతయ్యాయి.

ఉద్యోగం మాత్రం మిగిలింది. ఆ రోజు ఆయన రాజీనామా చేయలేదు. చేయగల స్థితిలో లేరు. పేరు మాత్రం మార్చుకున్నారు. నిగమ్ సూచించిన ప్రేమ్‌చంద్ అనే పేరుతో 1910 చివరి నుంచి కథలు రాయడం మొదలుపెట్టారు. ఆ విధంగా నేడు దేశమంతా గౌరవంగా తలచుకునే ఆ పేరు, కొలువును కాపాడుకోవడానికి ఒక ప్రభుత్వ ఉద్యోగి వేసుకున్న ముసుగుగా పుట్టింది.

ఆ ఉద్యోగం ఆయనకు ఏమీ ఇవ్వలేదని అనడం కూడా న్యాయం కాదు. ఇన్‌స్పెక్టరుగా ఊరూరా తిరిగిన సంవత్సరాల్లోనే బుందేల్‌ఖండ్ పల్లెలను దగ్గరగా చూశారు. రైతు, పట్వారీ, వడ్డీ వ్యాపారి, పురోహితుడు, పోలీసు ఒకే ఊళ్లో ఏ విధంగా మసలుతారో తెలుసుకున్నారు. పనిలో భాగంగా తాగిన కలుషిత నీరు, వేళాపాళా లేని భోజనం వల్ల కడుపు జబ్బు కూడా అప్పుడే పట్టుకుంది. కథలకు కావలసిన ముడిసరుకునూ, తుదివరకూ వదలని రోగాన్నీ ఆ కొలువే ఇచ్చింది.

తరువాత బస్తీకి, అక్కడి నుంచి 1916లో గోరఖ్‌పూర్‌కు బదిలీ అయ్యారు. నార్మల్ స్కూలులో ఉపాధ్యాయుడిగా చేస్తూనే 1919లో బి.ఏ. పట్టా పొందారు. గణితం మూలంగా ఆగిన చదువు 39వ ఏట పూర్తయింది. ఈ కాలంలోనే ఉర్దూ నుంచి హిందీ వైపు కూడా మళ్లారు. ఉర్దూలో ముందుగా రాసుకున్న ఒక నవలను సేవాసదన్ పేరుతో హిందీలో ప్రచురించడానికి కలకత్తా ప్రచురణకర్త ఒకరు 450 రూపాయలు చెల్లించారు. రచన మీద ఆధారపడి బతకవచ్చేమోనన్న ఆశకు ఆ మొత్తం తొలి ఆధారం.

అయిదు రోజుల ఆలోచన

1921 ఫిబ్రవరి 8న మహాత్మా గాంధీ గోరఖ్‌పూర్ వచ్చారు. సహాయ నిరాకరణ ఉద్యమం ఉధృతంగా సాగుతున్న రోజులవి. ప్రభుత్వ కొలువులు వదిలి రావాలని గాంధీజీ పిలుపునిచ్చారు. అనారోగ్యంతో ఉన్నా ప్రేమ్‌చంద్ భార్యాపిల్లలతో కలిసి ఆ సభకు వెళ్లారు.

ఇంటికి వచ్చాక సుమారు అయిదు రోజులు ఆలోచించారు. రెండు దశాబ్దాలకు పైబడిన సర్వీసు. పెన్షన్ వచ్చే ఉద్యోగం. ఇద్దరు పిల్లలు. భార్య మళ్లీ గర్భవతి. కూడబెట్టిన సొమ్ము పెద్దగా లేదు. చివరి మాట శివరాణీ దేవి నుంచి రావాలి. ఆమె సరే అన్నారు. కష్టం వస్తే కలిసి పడదామన్నదే ఆమె నిర్ణయం. ఫిబ్రవరి మధ్యకల్లా రాజీనామా ఆమోదం పొంది, ఆయన కొలువు నుంచి బయటపడ్డారు. 12 ఏళ్ల కిందట కలెక్టరు విధించిన షరతు కూడా ఆనాటితో ముగిసింది. ఇక ఏది రాయడానికీ ఎవరి అనుమతీ అక్కరలేదు.

అనుమతి అక్కరలేదు గానీ, నెల గడవడానికి దారి కావాలి. మొదట గోరఖ్‌పూర్‌లో ఒక మిత్రుడితో కలిసి చరఖాలు తయారు చేయించే పని చేశారు. అది నిలవలేదు. లమహీకి వెళ్లారు. తర్వాత కాన్పూర్‌లోని మార్వాడీ విద్యాలయంలో ప్రధానోపాధ్యాయుడిగా చేరారు. యాజమాన్యంతో పొసగక 1922 ఆరంభంలో దానికీ రాజీనామా ఇచ్చారు. కాశీలో మర్యాద పత్రిక బాధ్యతలు కొంతకాలం చూశారు. కాశీ విద్యాపీఠానికి చెందిన పాఠశాలలో కొన్నాళ్లు పనిచేశారు. ఒకసారి ఉద్యోగం మానినవాడు మళ్లీ ఉద్యోగం వైపు చూడడని అనుకోవడం పొరపాటు. ప్రేమ్‌చంద్ చూశారు. అవసరమైనప్పుడల్లా చేరారు. రచనకు అడ్డు తగిలినప్పుడల్లా బయటికి వచ్చారు.

1924 ప్రాంతంలో అల్వార్ సంస్థానాధీశుడి నుంచి పిలుపు వచ్చింది. నెలకు 400 రూపాయలు, కారు, బంగళా ఇస్తామన్నారు. ఆయన మర్యాదగా తిరస్కరించారు. ఈ సంగతిని శివరాణీ దేవి తరువాత తన జ్ఞాపకాల పుస్తకంలో నమోదు చేశారు. తిరస్కరించే ముందు ఆయన ఆమెతో చర్చించారు. అక్కడికి వెళితే రాసుకోవడం సాగదన్న అభిప్రాయానికి ఇద్దరూ వచ్చారు. ఆ ఇంట్లో రాజీనామాలూ నిరాకరణలూ ఇద్దరి నిర్ణయాలే.

సొంత ప్రెస్సు, సొంత పత్రిక, సొంత అప్పులు

1923లో కాశీలో సరస్వతీ ప్రెస్ అనే ముద్రణాలయం స్థాపించారు. ప్రచురణకర్తల మీద ఆధారపడకుండా తన పుస్తకాలు తానే అచ్చు వేసుకోవచ్చని, బయటి పనులతో ఖర్చులు వెళ్లదీయవచ్చని అంచనా. ఆ అంచనా తప్పింది. పెట్టుబడి పెట్టినవారికి లాభం పంచాల్సిన చోట, నష్టం పూడ్చడానికి రచయిత రాబడి ప్రెస్సుకు పోవడం మొదలైంది. కాగితం బాకీ, కార్మికుల జీతాలు, రావలసిన బిల్లులు అనే మూడింటి మధ్య ఆయన నలిగారు.

ఆ నష్టాలు భరించడానికి లక్నో వెళ్లి కొన్నాళ్లు గంగా పుస్తక మాలలోనూ, 1927 తర్వాత నవల్ కిశోర్ ప్రెస్ వారి మాధురి పత్రిక సంపాదకత్వంలోనూ పనిచేశారు. రంగభూమి 1925లో వచ్చింది. నిర్మల, గబన్, కర్మభూమి ఒకదాని వెంట ఒకటి వెలువడ్డాయి. వందల కథలు రాశారు. హిందీ నవలకు కోటలు, మాంత్రికులు, అద్భుతాల లోకం నుంచి మామూలు మనిషి ఇంటికి దారి చూపిన రచయితగా దేశమంతటా పేరు వచ్చింది. పేరు వచ్చినంత డబ్బు రాలేదు.

1930 మార్చిలో హంస్ మాసపత్రిక ప్రారంభించారు. ఉప్పు సత్యాగ్రహం మొదలైన నెల అది. స్వాతంత్ర్యోద్యమానికి తన వంతు చేయూతగా ఆ పత్రికను భావించారు. కొద్ది నెలలకే ప్రెస్ ఆర్డినెన్సు కింద ప్రభుత్వం ధరావతు కోరింది. అదే ఏడాది లక్నోలో విదేశీ వస్త్రాల దుకాణాల ముందు పికెటింగ్ చేసి శివరాణీ దేవి జైలుకు వెళ్లారు. 1932లో ప్రేమ్‌చంద్ జాగరణ్ అనే మరో పత్రికను కూడా చేతిలోకి తీసుకుని వారపత్రికగా నడిపారు. ఒక నష్టాన్ని భరించలేని స్థితిలో రెండో నష్టాన్ని తలకెత్తుకున్నారు. మిత్రులు వారించినా వినలేదు. పత్రికలు నడపాలన్న పట్టుదల ముందు ఆయన లెక్కలు ఎప్పుడూ నిలవలేదు.

బొంబాయి పిలుపు

ఈ అప్పుల నడుమ 1934లో అజంతా సినీటోన్ అధినేత మోహన్ భవ్‌నానీ నుంచి ఆహ్వానం అందింది. మాటల సినిమా వచ్చి అప్పటికి మూడేళ్లే. చిత్ర సంస్థలకు కథలు కావాలి. ఏడాదికి 8,000 రూపాయలు. ఒకటి రెండేళ్లు పనిచేస్తే ప్రెస్సు బాకీలు తీరుతాయి, పత్రిక నిలబడుతుంది, ఆ పైన ప్రశాంతంగా రాసుకోవచ్చు. మే నెలాఖరులో బొంబాయి చేరి దాదర్‌లో నివాసం ఏర్పాటు చేసుకున్నారు.

ఆయన రాసిన కథతో మజ్దూర్ అనే చిత్రం తయారైంది. ఒక మిల్లు యజమాని మరణానంతరం దారి తప్పిన కుమారుడికీ, కార్మికుల పక్షాన నిలిచే కుమార్తెకూ మధ్య సంఘర్షణ దాని ఇతివృత్తం. కరీంనగర్‌లో జన్మించి, తరువాతి కాలంలో దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకున్న తెలుగువాడు పైడి జైరాజ్ ఆ చిత్రంలో నటించారు. ప్రేమ్‌చంద్ కూడా కార్మిక నాయకుడిగా ఒక చిన్న పాత్రలో కనిపించారు. మిల్లుల నగరమైన బొంబాయిలో ఆ చిత్రానికి సెన్సారు అనుమతి దొరకలేదు. మిల్లు యజమానుల పలుకుబడి అందుకు కారణమన్నది నాటి నుంచీ ఉన్న మాట. కొన్ని ఇతర నగరాల్లో ప్రదర్శించినా, అక్కడా అడ్డంకులు తప్పలేదు. ఆ చిత్రం ప్రతి నేడు లభ్యం కావడం లేదు.

ఇంతకన్నా చేదైన సంగతి కాశీలో జరిగింది. జీతాల బకాయిల కోసం సరస్వతీ ప్రెస్ కార్మికులు 1934లో సమ్మెకు దిగారు. తెర మీద కార్మికుల పక్షం వహించిన రచయిత, తన సొంత ముద్రణాలయంలో యజమాని స్థానంలో నిలవవలసి వచ్చింది. కార్మికుల ఆకలి నిజం. యజమాని దగ్గర డబ్బు లేకపోవడమూ నిజం. జాగరణ్ ఆగిపోయింది. స్వతంత్ర జీవనం కోసం రచయిత తెచ్చుకున్న అప్పు, ఆయనతో పాటు అక్షరాలు కూర్చే కార్మికుడి ఇంటినీ తాకింది. ప్రేమ్‌చంద్ జీవితాన్ని కీర్తించేవారు సాధారణంగా దాటవేసే ఘట్టమిది. ఆయన సమాజం గురించి రాసినదానికి ఎంత విలువ ఉందో, ఆ సమ్మెకూ అంతే విలువ ఉంది.

ఎందుకు ఇమడలేదు

బొంబాయిలో పని కష్టమైనదేమీ కాదు. కాశీలో కంటే శ్రమ తక్కువ, రాబడి ఎక్కువ. అయినా మిత్రులకు రాసిన ఉత్తరాల నిండా అసంతృప్తి కనిపిస్తుంది. కథ రాసేది ఒకరు, అది ఎలా ఉండాలో నిర్ణయించేది మరొకరు. జనం ఏది చూస్తారో అదే తీయాలన్నది నిర్మాతల సూత్రం. జనం ఏది చూడాలో చెప్పడానికి తాను రాస్తున్నానన్నది ఈయన నమ్మకం. అదే ఏడాది మరో సంస్థ సేవాసదన్ నవలను బాజార్-ఎ-హుస్న్ పేరుతో తెరకెక్కించింది. వేశ్యావృత్తిలోకి నెట్టబడిన స్త్రీ వేదనను చెప్పిన నవల, తెర మీద మరో రూపం దాల్చిన తీరు ఆయనను బాధించింది.

ఆ ఏడాది చివర మద్రాసులో దక్షిణ భారత హిందీ ప్రచార సభ స్నాతకోత్సవంలో పాల్గొన్నారు. తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ ప్రాంతాల నుంచి హిందీ నేర్చుకున్న యువతీయువకులు ఆ సభ విద్యార్థులు. తన పుస్తకాలు చదివి భాష నేర్చుకున్న ఆ పాఠకుల మధ్య ఆయనకు బొంబాయి స్టూడియోలో దొరకని ఆదరణ లభించింది. ఎవరి కోసం రాయాలన్న విషయంలో ఆయనకు ఉన్న అభిప్రాయం ఆ ప్రయాణంలో మరింత బలపడి ఉంటుంది.

అన్నిటికంటే మించి, 1932 ప్రాంతంలో మొదలుపెట్టిన గోదాన్ ముందుకు సాగడం లేదు. సంస్థ పరిస్థితి కూడా సజావుగా లేదు. బాంబే టాకీస్ అధినేత హిమాంశు రాయ్ తమ దగ్గర ఉండిపోవాలని కోరారు. ప్రేమ్‌చంద్ అంగీకరించలేదు. వచ్చిన పని, అంటే బాకీలు తీర్చడం, పూర్తి కాకుండానే తిరుగు ప్రయాణమయ్యారు.

1921 రాజీనామా వెనుక ఒక మహోద్యమం ఉంది. గాంధీజీ పిలుపు ఉంది. వేలాది మంది అదే దారిలో నడుస్తున్నారన్న ధైర్యం ఉంది. 1935 నాటి నిష్క్రమణకు అలాంటి ఆసరా ఏదీ లేదు. సభలు లేవు, నినాదాలు లేవు, జనం మెప్పు లేదు. ఒక నడివయసు మనిషి తనకు సరిపడని పని మానుకుని తన పనికి తిరిగి వెళ్లారు. బయటి నుంచి చూసినవారికి అది ఓటమిలా కనిపించి ఉండవచ్చు. రెండింటిలో కష్టమైనది రెండోదే.

ఏడాదిన్నర

తిరిగి వచ్చాక విశ్రాంతి దొరకలేదు. హంస్‌ను అన్ని భారతీయ భాషల సాహిత్యానికి వేదికగా మార్చాలన్న ఆలోచనతో 1935లో భారతీయ సాహిత్య పరిషత్తుకు అప్పగించారు. ఆ పరిషత్తుకు గాంధీజీ ఆశీస్సులు ఉన్నాయి. కె.ఎం. మున్షీతో కలిసి ప్రేమ్‌చంద్ సంపాదకత్వం వహించారు. 1935 డిసెంబరులో ఉర్దూ పత్రిక జామియాలో కఫన్ కథ అచ్చయింది. 1936 ఏప్రిల్‌లో లక్నోలో అభ్యుదయ రచయితల సంఘం తొలి మహాసభకు అధ్యక్షత వహించారు. సౌందర్యానికి కొత్త కొలమానం కావాలని, సాహిత్యం రాజకీయాల వెనుక నడిచేది కాదని, ముందు దారి చూపాల్సిందని ఆ సభలో ప్రతిపాదించారు. ఆ ఏడాదే గోదాన్ వెలువడింది.

ఇంటి ముందు ఒక ఆవు ఉండాలని ఆశపడిన చిన్న రైతు హోరీ కథ అది. ఆవు కోసం చేసిన అప్పు, ఆ అప్పు మీద వడ్డీ, కుల పంచాయతీ జరిమానా, జమీందారు శిస్తు కలిసి అతడిని సొంత పొలం నుంచి రోడ్డు కూలిగా మార్చి, ఎండదెబ్బకు బలి తీసుకుంటాయి. అప్పు మనిషి ఆలోచనలో, నడకలో, మాటలో ఎలా దూరుతుందో ఆ నవల చెప్పినంత సూక్ష్మంగా చెప్పిన రచనలు అరుదు. దాన్ని రాసిన వ్యక్తి పుష్కరకాలం పాటు బాకీల ఖాతా ముందు కూర్చున్నవాడు. బొంబాయిలో ఉండి ఆ బాకీలు తీర్చుకుని ఉంటే గోదాన్ వచ్చేదో కాదో ఎవరూ చెప్పలేరు. కాశీకి తిరిగి వచ్చాకనే అది ముగింపుకు చేరిందన్నది మాత్రం వాస్తవం.

1936 జూన్ నుంచి ఆరోగ్యం వేగంగా క్షీణించింది. పాత కడుపు జబ్బు తిరగబెట్టింది. ఆ దశలోనే హంస్‌లో అచ్చయిన ఒక నాటకం కారణంగా ప్రభుత్వం మళ్లీ వెయ్యి రూపాయల ధరావతు కోరింది. ధరావతు కట్టడం కన్నా పత్రిక మూసివేయడమే మేలని పరిషత్తు నిర్ణయించింది. మంచం పట్టిన ప్రేమ్‌చంద్ ఒప్పుకోలేదు. పత్రికను తిరిగి తన చేతిలోకి తీసుకుని, ధరావతు చెల్లించే ఏర్పాటు చేయించారు. తాను ఉన్నా లేకున్నా హంస్ రావాలన్నది ఆయన పట్టుదల. 1936 అక్టోబరు 8న కాశీలో కన్నుమూశారు. వయస్సు 56 ఏళ్లు.

వెనుక మిగిలినవారు

ఆయన వెళ్లాక హంస్ బాధ్యతను శివరాణీ దేవి స్వీకరించారు. ఆమె స్వయంగా కథా రచయిత్రి. 1944లో ప్రేమ్‌చంద్ ఘర్ మే పేరుతో ఆమె జ్ఞాపకాల పుస్తకం వెలువడింది. ఇంటి ఖర్చులు, అలకలు, వాదనలు, వైద్యం, ఉద్యోగాల మీద జరిగిన చర్చలు అన్నీ అందులో ఉన్నాయి. దేశం మహారచయితగా చూసిన వ్యక్తిని ఆమె ఇంట్లో మనిషిగా చూపించారు. ఆ పుస్తకం చదివితే, ఆయన స్వేచ్ఛకు అయిన ఖర్చులో సగం ఆమె భరించారని తెలుస్తుంది. కుమారులు శ్రీపత్ రాయ్, అమృత్ రాయ్ ఇద్దరూ సాహిత్య రంగంలోనే స్థిరపడ్డారు. అమృత్ రాయ్ 1962లో వెలువరించిన తండ్రి జీవిత చరిత్ర కలమ్ కా సిపాహీ హిందీలో ప్రామాణిక గ్రంథంగా నిలిచింది.

ఆయన ఇమడలేక వదిలిన సినిమా రంగం ఆయనను వదల్లేదు. సేవాసదన్ 1938లో తమిళంలో కె. సుబ్రహ్మణ్యం దర్శకత్వంలో చిత్రంగా వచ్చింది. ఎం.ఎస్. సుబ్బులక్ష్మికి అదే తొలి చిత్రం. 1977లో సత్యజిత్ రాయ్ షత్రంజ్ కే ఖిలాడీ తెరకెక్కించారు. అదే ఏడాది మృణాల్ సేన్ కఫన్ కథను ఎన్నుకున్నారు. ఆయన దాన్ని హిందీలో తీయలేదు, తన మాతృభాష బెంగాలీలోనూ తీయలేదు. తెలుగులో తీశారు. ఒక ఊరి కథ పేరుతో వచ్చిన ఆ చిత్రం ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం పొందింది. బొంబాయి విడిచిన ఏడాది ప్రేమ్‌చంద్ ప్రచురించిన కథ, నాలుగు దశాబ్దాల తరువాత మన భాషలో తెర మీదికి వచ్చింది. పాఠశాలలో హిందీ పుస్తకంలో ఈద్‌గాహ్ చదివి, నానమ్మ కోసం పట్టకారు కొన్న హామిద్‌ను గుర్తుంచుకున్న తెలుగువారికి ఆయన పరాయి రచయిత కాదు.

నచ్చని ఉద్యోగం మాని తనకు నచ్చిన పని చేసుకోవాలనుకునే వారు ప్రతి తరంలోనూ ఉంటారు. వారికి ప్రేమ్‌చంద్ జీవితం సులభమైన ధైర్యం ఇవ్వదు. మానేస్తే అంతా సర్దుకుంటుందని ఆ జీవితం హామీ ఇవ్వదు. సొంత పని కూడా ఒక యజమానే అని, అది జీతం ఇవ్వకుండా పనిచేయించగలదని, దాని భారం ఇంటివారి మీద, తనను నమ్ముకుని పనిచేసేవారి మీద కూడా పడుతుందని చూపుతుంది. అవన్నీ తెలిసి కూడా ఆయన రెండోసారి అదే నిర్ణయం తీసుకున్నారు.

మరణించే నాటికి ఆయన మంగళసూత్ర్ అనే కొత్త నవల రాస్తున్నారు. నాలుగు అధ్యాయాలు మాత్రమే పూర్తయ్యాయి. అందులో ప్రధాన పాత్ర దేవకుమార్ ఒక రచయిత. జీవితమంతా సాహిత్యానికి ధారపోసి, డబ్బు కూడబెట్టకుండా వృద్ధాప్యానికి చేరుకున్నవాడు. అతని పెద్ద కుమారుడికి తండ్రి ఆదర్శాలు నచ్చవు. ఆస్తి గురించి నిలదీస్తాడు. ఇంటికి తానేమి మిగిల్చాడన్న ప్రశ్న ఆ ముసలి రచయిత ఎదుట నిలుస్తుంది. ప్రేమ్‌చంద్ ఆ ప్రశ్నను తప్పించుకోలేదు. కాగితం మీద పెట్టి జవాబు వెతుకుతున్నారు. ఆ నవల అక్కడే ఆగిపోయింది.